అక్షరాలిచ్చి ఊరుకుంటే చాలదు

సంపాదకులకు,

పత్రికల పిల్లల పేజీల్లో 'ఈ అక్షరాలతో ఎన్ని ఇంగ్లిష్ పదాలు వస్తాయో చెప్పండి' అనే పజిల్ తరచూ వస్తోంది. పిల్లల చేత డిక్షనరీ పట్టించే ఇలాంటి శీర్షికలు ఇంకా పెరగాలి. కానీ అక్షరాలు ఇస్తున్నారే గానీ నియమాలు ఇవ్వడం లేదు. మర్నాడు జవాబుల్లో ఓ పది పదాలు వేసి వదిలేస్తున్నారు. పిల్లవాడు రాసిన పదకొండోది తప్పో ఒప్పో తేలదు. వేసవిలో గ్రంథాలయాల్లో జరిగే విజ్ఞాన శిబిరాల్లోనూ ఇలాంటి పజిళ్లు ఇస్తుంటారు కాబట్టి, ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవాళ్లంగా కొన్ని సంగతులు మీ దృష్టికి తెస్తున్నాం.

మొట్టమొదట తేలాల్సింది ప్రశ్న ఏమిటన్నది. ఇచ్చిన అక్షరాలతో మాత్రమే కట్టే పదాలు వేరు. ఇచ్చిన అక్షరాలన్నీ ఉంటూ, పక్కన వేరే అక్షరాలు కూడా ఉండదగిన పదాలు వేరు. ఆర్, టి, హెచ్ ఇచ్చారనుకోండి. మొదటి లెక్కన ఒక్క పదమూ రాదు, అచ్చే లేదు కదా. రెండో లెక్కన ఎర్త్, త్రీ, షర్ట్, ఫాదర్, బ్రదర్ అంటూ రాసుకుంటూ పోవచ్చు. ఈ రెంటిలో ఏది అడుగుతున్నారో చెప్పకపోతే తెలివైన పిల్లలే ముందు తికమక పడతారు.

మొదటి రకానికి తోచిన పదమల్లా రాసుకుంటూ పోవడం కంటే మంచి పద్ధతి ఉంది. ఏ, ఇ, హెచ్, ఆర్, టి అనే ఐదు అక్షరాలు తీసుకుందాం. వీటిని మూడేసి, నాలుగేసి, ఐదేసిగా వరుస మార్చి మార్చి రాస్తే 300 రకాలు అవుతాయి. అన్నీ రాసి చూడటం ఎవరి వల్లా కాదు. వరుస సంగతి పక్కన పెట్టి, ఏయే అక్షరాలు కలిశాయన్నదే చూస్తే మాత్రం 16 గుంపులే: ఐదక్షరాలది ఒకటి, నాలుగక్షరాలవి 5, మూడక్షరాలవి 10. ఒక్కో గుంపును ఏబీసీడీల వరుసలో రాసుకుని, అందులోంచి ఏం పుడుతుందో చూడాలి. మొత్తం ఐదింటితో హార్ట్, ఎర్త్. హెచ్ తీసేస్తే రేట్, టియర్. ఆర్ తీసేస్తే హీట్, హేట్. టి తీసేస్తే హియర్, హేర్. ఏ తీసేస్తే పిల్లలకు తెలిసిన పదం ఏదీ రాదు, ఆ గుంపు కొట్టేసి ముందుకెళ్లాలి. ఇ తీసేస్తే మగజింక అనే అర్థమున్న 'హార్ట్' ఉంది. నీలగిరి కొండల్లో తిరిగే మేకజాతి జంతువు 'తార్' కూడా అవే నాలుగు అక్షరాలు. మూడక్షరాల గుంపుల్లో ఏ, ఇ, టి ఒక్కటే టీ, ఈట్, ఏట్ ఇస్తుంది. ఏ, ఆర్, టి కలిస్తే ర్యాట్, ఆర్ట్, టార్. ఏ, ఇ, ఆర్ కలిస్తే ఆర్, ఇయర్, ఎరా. మరో మూడు గుంపుల్లోంచి హ్యాట్, హర్, ద కూడా కలుపుకుంటే, మామూలుగా వాడే పదాలే 20కి తగ్గవు. గుంపులన్నీ చూశాక ఇంకేమైనా మిగిలిందా అన్న అనుమానం ఉండదు. ఈ లెక్క ఆరు అక్షరాలకు 42 గుంపులు, ఏడుకు 99 అవుతుంది. అందుకే చిన్న తరగతుల పిల్లలకు ఐదు మించి ఇవ్వకపోవడం మంచిది.

ఎక్కువ మంది తప్పేది ఒకే చోట, ఉన్న అక్షరాన్ని రెండుసార్లు వాడుకోవడంలో. పై ఐదు అక్షరాలకే 'త్రీ', 'దేర్', 'దట్' అని ధీమాగా రాసేస్తారు. మొదటి రెంటికీ రెండు ఇలు కావాలి, మూడోదానికి రెండు టీలు. తెలుగు రాతకు అలవాటు పడ్డ చెవి శబ్దాన్ని పట్టుకుంటుందే గానీ స్పెల్లింగ్‌ను కాదు. దీనికి విరుగుడు చాలా సులువు. పాత పెళ్లి కార్డు కత్తిరించి, ముక్కకో అక్షరం రాసి, బల్ల మీద వాటిని జరుపుతూ పదం కట్టమనాలి. ఇ ముక్క ఒక్కటే ఉంటే 'త్రీ' కట్టడానికి కుదరదు, తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. ముక్కలను వరుసగా కాక గుండ్రంగా పేరిస్తే, ముందు చూసిన పదమే మళ్లీ మళ్లీ కంటికి అడ్డు రాదు. టి, హెచ్ లాంటి జంటలను ముందు పక్కపక్కన పెట్టి చూడటం కూడా మేలు.

రెండో రకం ప్రశ్నకు డిక్షనరీ తిరగేసి లాభం లేదు. మద్రాసులో తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిన బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన నిఘంటువైనా, ఇప్పటి పిల్లల సంచీలో ఉండేదైనా, వరుస మొదటి అక్షరం నుంచే. నడిమి అక్షరాన్ని బట్టి వెతకడం కుదరదు. ఇక్కడ ఇచ్చినవాటిలో అన్నిటికంటే అరుదైన అక్షరాన్ని పట్టుకోవాలి. అక్షరాల బిళ్లలతో పదాలు కట్టే స్క్రాబుల్ ఆటను రూపొందించిన అమెరికా ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల పేజీల్లో అక్షరాలు లెక్కపెట్టి బిళ్లల సంఖ్య తేల్చాడు. ఇంగ్లిష్ ఆటలో 100 బిళ్లలుంటే ఇ 12, ఏ 9. జె, కె, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే. క్యూ, ఐ, టి ఇచ్చారంటే క్యూ దగ్గరే మొదలుపెట్టాలి. దాని వెనక దాదాపు ఎప్పుడూ యు ఉంటుంది కాబట్టి నాలుగో అక్షరం కూడా దొరికినట్టే. క్విట్, క్వైట్, ఈక్విటీ, యాంటిక్, మస్కిటో వాటంతటవే వస్తాయి.

కంప్యూటర్ ఉన్న బడిలో ఎక్సెల్ సరిపోతుంది. మొదటి నిలువు వరుసలో పదాల జాబితా వేసి, పక్కన అక్షరానికో 'సెర్చ్' ఫార్ములా పెట్టాలి. అక్షరం ఉంటే దాని స్థానం అంకెగా వస్తుంది, లేకపోతే ఎర్రర్ చూపిస్తుంది. అన్ని గళ్లలోనూ అంకె ఉన్న పదాలే జవాబులు. ఒక్కచోట ఇది మోసం చేస్తుంది. ఎల్, ఎల్, ఇ, టి ఇస్తే 'లెటర్'నూ చూపిస్తుంది, అందులో ఎల్ ఒకటే ఉన్నా సరే. అలాంటప్పుడు పదం పొడవులోంచి, ఎల్‌లన్నీ తీసేసిన పదం పొడవును తీసివేయాలి. 'లెటర్'కు 6లోంచి 5 పోతే ఒకటి. 'బులెట్'కు 6లోంచి 4 పోతే రెండు, అదే కావాల్సింది. ఇందుకు వాడే 'సబ్‌స్టిట్యూట్' ఫంక్షన్‌కు పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు వేర్వేరు. కాబట్టి పదాలన్నిటినీ ముందే చిన్నబడిలోకి మార్చుకోవాలి.

మీ పత్రికను కోరేది ఇదీ. పజిల్ కింద నాలుగు లైన్ల చోటు కేటాయించండి. ఇచ్చిన అక్షరాలతో మాత్రమే కట్టాలా, వేరేవి కలపొచ్చా? ఒక అక్షరాన్ని ఎన్నిసార్లు వాడొచ్చు? కనీసం ఎన్ని అక్షరాలుండాలి? మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు చెల్లుతాయా? ఎస్ ఇస్తే బహువచనాలు లెక్కలోకి వస్తాయో రావో కూడా చెప్పాలి, లేకపోతే ర్యాట్ పక్కన ర్యాట్స్, హ్యాట్ పక్కన హ్యాట్స్ చేరి జాబితా ఊరికే ఉబ్బుతుంది. ఏ డిక్షనరీ ప్రమాణమో పేరు వేయండి. జవాబులను గుంపుల వారీగా, పదాలు రాని గుంపులతో సహా అచ్చు వేయండి.

— ఇద్దరు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, ప్రొద్దుటూరు, కడప జిల్లా