మాల్టా వెళ్ళేముందు గాలి ఎటు వీస్తోందో చూసుకో

విశాఖపట్నం

చిరంజీవి సుధకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఆగస్టు రెండో వారంలో స్నేహితురాలితో కలిసి మాల్టా వెళ్తున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి నీకు చెప్పవలసినవి ఒక్కొక్కటే గుర్తుకు వస్తున్నాయి. ఫోనులో అయితే ‘సరే నాన్నా’ అని పెట్టేస్తావు కనుక కాగితం మీద రాస్తున్నాను. 1994లో మా ఓడ మరమ్మతుకని అక్కడి డ్రైడాకులో ఉన్నప్పుడు మూడు వారాలు, మళ్ళీ రెండేళ్ళ కిందట మీ అమ్మతో ఒక వారం మధ్యధరా సముద్రంలోని ఆ దీవిలో తిరిగినవాణ్ణి కనుక ఇందులో విన్న మాటలు తక్కువ, పడ్డ పాట్లు ఎక్కువ.

మాల్టా 2007 నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల జట్టులో ఉంది. నీకు జర్మనీ నివాస అనుమతి ఉంది కనుక వేరే వీసా అక్కర్లేదు. అయితే ఆ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. చిన్న విషయమే గాని, అక్కడి ప్లగ్గులు బ్రిటన్ వాళ్ళ పద్ధతిలో మూడు పలక పిన్నులవి. నీ జర్మనీ ఛార్జరు వాటిలో పట్టదు, అడాప్టరు కొనుక్కో. వాహనాలు మన దేశంలో లాగానే ఎడమవైపు నడుస్తాయి. రెండేళ్ళుగా జర్మనీ రోడ్లకు అలవాటు పడ్డావు కనుక దాటేటప్పుడు ముందు కుడివైపు చూడు.

దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లే, మన విశాఖ జిల్లాలో సగం కూడా ఉండదు. అందుకని రోజుకు నాలుగు ఊళ్ళు చూసేయవచ్చని లెక్క వేసుకోకు. బస్సులు చాలావరకు రాజధాని వాలెట్టా కోట గుమ్మం బయట ఉన్న బస్టాండు నుంచే బయలుదేరతాయి, ఆగస్టులో కిక్కిరిసి ఉంటాయి, స్టాపులో నిలబడి చెయ్యి చాపకపోతే ఆగకుండా వెళ్ళిపోతాయి. ఒక టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది, బస్సు మారినా మళ్ళీ కొననక్కర్లేదు. బోర్డులు చదివేటప్పుడు ‘ఎక్స్’ అక్షరాన్ని ‘ష’ అని పలకాలి. అరబ్బీ నుంచి పుట్టి రోమన్ లిపిలో రాసుకునే భాష అది. నేను మొదటిసారి ‘మార్సాక్స్‌లోక్’ ఎక్కడని అడిగితే కండక్టరు కాసేపు తెల్లబోయి, ‘మార్సష్లొక్’ అని దిద్దాడు. మార్సా అంటే రేవు, ష్లొక్ అంటే ఆగ్నేయం నుంచి వీచే గాలి.

సముద్రస్నానానికి కావలసిన పాఠం ఆ ఊరి పేరులోనే ఉంది. ఏ బీచి బాగుంటుందని హోటలు వాళ్ళను అడగడం కన్నా, పొద్దున లేవగానే గాలి ఎటు నుంచి వస్తోందో ఫోనులో చూసుకో. వేసవిలో తరచు వీచేది వాయవ్యపు గాలి, దాన్ని వాళ్ళు మయ్యిస్ట్రాల్ అంటారు. అది గట్టిగా ఉన్న రోజున పడమటి ఒడ్డున ఉన్న గోల్డెన్ బే అలలతో లేచిపోతుంటే, కొండ గట్టు చాటున ఉన్న మెల్లీహా ఇసుక తీరం చెరువులా ఉంటుంది. ఈశాన్యపు గాలి, అంటే గ్రిగాల్ తిరిగితే లెక్క తారుమారవుతుంది. అప్పుడు ఈశాన్యం వైపున్న స్లీమా ఊరి ఒడ్డు రాళ్ళ మీద కూర్చోవడం కూడా మంచిది కాదు. ఎర్ర జెండా ఉంటే నీళ్ళలోకి దిగకు. ఊదారంగు జెండా ఉంటే జెల్లీచేపలు ఉన్నాయని అర్థం. ఒకవేళ కుడితే మంచినీళ్ళు పోయకుండా సముద్రపు నీళ్ళతోనే కడుక్కోవాలి.

చెప్పుల సంగతి కూడా విను. వాలెట్టా వీధులు కొన్ని మెట్లు మెట్లుగా రేవు వైపు దిగుతాయి. వందల ఏళ్ళ నడకకు ఆ సున్నపురాయి నున్నబడి, మన గుడి గడపలా మెరుస్తుంటుంది. 1994లో మధ్యాహ్నం రెండింటికి, తోలు అడుగున్న బూట్లతో, పెద్ద నావికుణ్ణన్న ధీమాతో దిగుతూ ఐదారు మెట్లు జారాను. మోచెయ్యి వాచింది, ఓ బడ్డీకొట్టు ముసలాయన ఐసుముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చాడు. నువ్వు రబ్బరు అడుగు ఉన్నవే వేసుకో, హీల్సు వద్దు. సెయింట్ జాన్ చర్చిలో నేల నిండా సమాధి ఫలకాలే కనుక సన్న మడమల చెప్పులను లోపలికి రానివ్వరు కూడా. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవడానికి ఒక చున్నీ సంచిలో పెట్టుకో. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో తిరగకుండా చర్చిలోనో మ్యూజియంలోనో గడుపు.

హాల్ సఫ్లియేని అనే భూగర్భ సమాధులకు మాత్రం ఈ ఉత్తరం అందిన రోజే టికెట్టు చూసుకో. 1902లో ఇళ్ళ కోసం నీటితొట్టి తవ్వుతుంటే బయటపడిన ఆ గదుల్లోకి ఒక్కో విడతకు పదిమందినే పంపుతారు. మేము ముందు కొనక గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం, మీ అమ్మ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

తిండికి ఇబ్బంది లేదు. పస్తిత్సి అని మన ఎగ్‌పఫ్ కన్నా పలచని పొరలతో, చేత్తో పట్టుకుంటే రాలిపోయేవి వేడివేడిగా అమ్ముతారు. లోపల మెత్తటి జున్ను గాని, ఉడికించి మెదిపిన బఠాణీ గాని ఉంటుంది. శనివారం నియమం ఇంకా పాటిస్తుంటే పిండిలో పందికొవ్వు కలిపారేమో అడిగి కొను. దీవిలో నదులు లేవు, కుళాయి నీళ్ళలో చాలావరకు సముద్రం నుంచి ఉప్పు తీసినవే. తాగవచ్చు గాని రుచి నచ్చదు.

ఆగస్టు 15 అక్కడ సాంతా మరియా పండుగ, సెలవు. ఆ రోజు ఊరంతా గోజో దీవికి కదులుతుంది కనుక నువ్వు రెండు రోజులు ముందే వెళ్ళిరా. వాలెట్టా నుంచి చిర్కెవ్వా రేవుకు బస్సులో గంటకు పైగా, అక్కడి నుంచి పడవలో ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. వెళ్ళేటప్పుడు టికెట్టు అడగరు, తిరుగు ప్రయాణంలోనే తీసుకుంటారు. ఎవరో మోసం చేస్తున్నారని కంగారుపడకు. తిరిగి వచ్చేటప్పుడు పై డెక్కు మీద ఎడమ పక్కన నిలబడితే కొమినో దీవి, దాని అంచున 1618లో కట్టిన బురుజు కనిపిస్తాయి. ఎండ వాలిన తరువాతి పడవ ఎక్కితే ఇంకా మంచిది.

చేరగానే ఒక ఫోను చెయ్యి. అమ్మ కందిపొడి పంపమంటోంది, వచ్చే వారం పార్సిలు వేస్తాను.

ఆశీస్సులతో
నాన్న