ఛాంబర్ ఒపేరాలో సార్త్ర్ నాటకం

సంపాదకులకు నమస్కారం.

మనిషి తన చర్యలకు తానే బాధ్యుడనే అస్తిత్వవాద నాటకాలకు ప్రాణం వాదనేనని, ఒపేరాగా మారిస్తే ఆ వాదన సంగీతంలో మునిగిపోతుందని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం తేల్చింది. భారీ వాద్యబృందంతో సాగే ఒపేరాల విషయంలో ఈ భయం సహేతుకమే కాని, దీన్ని కొద్దిమంది గాయకులు, వాద్యకారులతో సాగే ఛాంబర్ ఒపేరాకు వర్తింపజేయడం సరికాదు. 1946లోనే ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ 8 మంది గాయకులు, 13 మంది వాద్యకారులతో పూర్తి స్థాయి ఒపేరా రాశాడు.

వ్యాసకర్త ఉదహరించిన ఫ్రెంచ్ తత్వవేత్త, రచయిత సార్త్ర్ నాటకం 'నో ఎగ్జిట్'నే తీసుకుందాం. 1944లో పారిస్‌లో తొలిసారి ప్రదర్శించిన ఈ ఏకాంకికలో గార్సాన్, ఇనెజ్, ఎస్తెల్ అనే ముగ్గురు మృతులు నరకంలో, అద్దాలు లేని, దీపాలు ఆరని గదిలో చిక్కుకుంటారు. ఎవరి గోడు వారిదే అయిన ఈ ముగ్గురూ నాటకంలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడక తప్పదు. ఒపేరాలోనైతే ముగ్గురూ ఒకేసారి, ఒకరినొకరు వినిపించుకోకుండా పాడగలరు. పైగా ఈ నాటకానికి పాట పరాయిది కాదు. ఇక మాట్లాడుకోకూడదని ముగ్గురూ ఒప్పందం చేసుకున్న కాసేపటికే ఇనెజ్ తనలో తాను పాడుకునే పాటను సార్త్రే రాశాడు. తర్వాత జోసెఫ్ కోస్మా బాణీలో ఫ్రెంచ్ గాయని జూలియెట్ గ్రేకో దాన్ని పాడింది.

బోస్టన్ స్వరకర్త ఆండీ వోర్స్ ఈ నాటకాన్ని ఛాంబర్ ఒపేరాగా మలచగా, 2008లో అక్కడి గెరిల్లా ఒపేరా బృందం ప్రదర్శించింది. చేతి సంజ్ఞలతో సంగీతాన్ని నడిపించే కండక్టర్ లేకుండా ప్రదర్శించడం ఆ బృందం పద్ధతి. బయటి నుంచి నడిపించే చెయ్యి లేకపోవడం, తమ చర్యలకు తామే బాధ్యులైన ఈ పాత్రలకు ఎంతో తగినదని నా అభిప్రాయం.

రాగం తీస్తుంటే కథ ఆగిపోతుందని మన పద్యనాటకాల మీద ఒక ఫిర్యాదు ఉంది. ఇక్కడ ఆగిపోయిన కాలమే కథ కనుక ఆ ఫిర్యాదుకు తావు లేదు. అసలు ప్రమాదం వేరు: ఇతరులే నరకమన్న ఈ నాటకంలోని ప్రసిద్ధ వాక్యాన్ని చప్పట్ల కోసం పతాక స్థాయి పాటగా సాగదీస్తే, అంతకుముందు తలుపు తెరుచుకున్నా ముగ్గురిలో ఎవరూ బయటికి వెళ్లని ఘట్టం వెలవెలబోతుంది. స్వరకర్తను నిలదీయవలసింది అక్కడ. నాటకాన్ని పాడించినందుకు కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం