ఆర్జినిన్ డబ్బాలు ఇక తెప్పించడం లేదు

మన జిమ్ సప్లిమెంట్ల షాపుకు వచ్చే అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లు అందరికీ నమస్కారం.

కౌంటర్ వెనక ర్యాకులో 'ఎన్ఓ' (నైట్రిక్ ఆక్సైడ్) పేరుతో కనిపించే డబ్బాల్లో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం టాబ్లెట్లు, పౌడర్లు ఇక కొత్తగా రావు. అలాంటిదే ఇంకో అమైనో ఆమ్లం, సిట్రులిన్ మాత్రం ఉంటుంది. ప్రీ-వర్కౌట్లలో (వ్యాయామానికి ముందు కలుపుకుని తాగే పౌడర్లు) కూడా ఏ పదార్థం ఎన్ని గ్రాములు వేశారో లేబుల్ మీద విడివిడిగా రాసినవే పెడతాను. 'బ్లెండ్' అని ఒక పేరు పెట్టి, మొత్తం బరువు మాత్రం చెప్పి, లోపల ఏది ఎంతో దాచిపెట్టే డబ్బాలు బంద్. "ఎన్ఓ వాడితే బాడీ వస్తదా అన్నా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. కౌంటర్ దగ్గర గిరాకీ మధ్యలో సరిగ్గా చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కండ పెరగదు. పంప్, అంటే వర్కౌట్‌లో కండ కాసేపు ఉబ్బి బిగుసుకోవడం, రావచ్చు, అదీ అన్ని డబ్బాలతో రాదు.

ముందు ఒక విషయం. ఆ డబ్బాలో నైట్రిక్ ఆక్సైడ్ ఉండదు. అది వాయువు, ఒంట్లో పుట్టిన కొన్ని సెకన్లకే పోతుంది, దాన్ని మాత్రలో పెట్టి అమ్మడం ఎవరివల్లా కాదు. మన రక్తనాళాల లోపలి పొరే దాన్ని ఎప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. అది తగిలితే నాళం గోడ సడలుతుంది, నాళం వెడల్పవుతుంది, రక్తం ఎక్కువగా పారుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ వచ్చింది. ఆ నోబెల్ పేరు చెప్పి డబ్బాలు అమ్మేవాళ్లున్నారు. బహుమతి ఇచ్చింది గుండె, రక్తనాళాల పనితీరు గురించి తెలిసినందుకు, బైసెప్స్ కోసం కాదు.

నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి ఒంటికి కావలసిన ముడిసరుకు ఆర్జినిన్. ముడిసరుకు ఎక్కువ పోస్తే సరుకు ఎక్కువ వస్తుందన్నదే ఈ వ్యాపారం మొత్తానికి ఆధారం. వినడానికి బాగుంది. కానీ నోటితో తీసుకున్న ఆర్జినిన్‌లో చాలా భాగం పేగుల్లో, కాలేయంలోనే ఖర్చయిపోతుంది. పైగా ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల ఒంట్లో ఆర్జినిన్‌కు కరువేమీ ఉండదు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2011లో యువకులకు ఒకేసారి 10 గ్రాముల ఆర్జినిన్ ఇచ్చి, వెయిట్స్ చేయించి చూశారు. కండరానికి రక్తం పారడం పెరగలేదు, కండలో కొత్త ప్రొటీన్ తయారవడమూ పెరగలేదు. మన దగ్గర దొరికే టాబ్లెట్లలో ఒక్కోదానిలో ఉండేది అర గ్రాము, ఒక గ్రాము. 10 గ్రాములకే కాని పని వాటివల్ల అవుతుందని చెప్పి అమ్మడానికి నాకు నోరు రావడం లేదు.

సిట్రులిన్ సంగతి కొంచెం వేరు. ఇది కాలేయం దగ్గర ఆగకుండా దాటిపోతుంది, తర్వాత కిడ్నీల్లో ఆర్జినిన్‌గా మారుతుంది. అందుకే రక్తంలో ఆర్జినిన్ పెంచాలంటే నేరుగా ఆర్జినిన్ మింగడం కంటే సిట్రులిన్ మింగడమే మేలు. పుచ్చకాయలో ఉండేది ఇదే, దానికి ఆ పేరు కూడా పుచ్చకాయ లాటిన్ పేరు నుంచే వచ్చింది. (కాయ తింటే చాలదా అని అడగకండి. ఒక డోసు కోసం కిలోలకు కిలోలు తినాలి, తర్వాత స్క్వాట్లు చేయలేరు.)

దీనితో లాభం ఎంత? వర్కౌట్‌కు గంట ముందు 8 గ్రాముల వరకు సిట్రులిన్ మాలేట్ (మాలిక్ ఆమ్లంతో కలిపిన సిట్రులిన్) ఇచ్చి చేసిన పరిశోధనలన్నిటినీ కలిపి 2021లో లెక్క కడితే రెప్స్ (ఒక సెట్‌లో బరువు ఎన్నిసార్లు ఎత్తారన్న లెక్క) సగటున సుమారు 6 శాతం పెరిగాయి. అంటే 10 రెప్స్ కొట్టేవాడికి ఒక్క రెప్ కూడా పూర్తిగా కలవదు. కొందరికి ఏమీ తేడా ఉండదు. ఆ 6 శాతం నెలల తరబడి కూడితే కండ అవుతుంది కదా అని ఒక ట్రైనర్ తమ్ముడు నాతో వాదించాడు. అతని మాటలో న్యాయం ఉంది, కాదనను. కానీ వారాల తరబడి వాడించి చూసినప్పుడు కండ బరువులో నిలకడైన తేడా ఏమీ తేలలేదు. అందుకే సిట్రులిన్‌ను పంప్ కోసం, చివరి సెట్‌లో కాస్త ఊపు కోసం అడిగితే ఇస్తాను. కండ కోసం అడిగితే వేరే చెబుతాను.

ఈ పంప్ గురించి కూడా కొంచెం మాట్లాడుకోవాలి, ఎందుకంటే అసలు అమ్ముడుపోయేది అదే. చేతులు బిగుసుకుని, నరాలు తేలి, అద్దంలో చూసుకుంటే టీషర్ట్ చిన్నదైనట్టు ఉంటుంది. గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. అది కండరంలోకి చేరిన రక్తం, నీరు. ఏ డబ్బా లేకుండా, మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని, నీళ్లు బాగా తాగి వెళ్లి 15 రెప్స్ చొప్పున సెట్లు వేసినా వస్తుంది. కండ పెరగడానికి కావలసింది బరువు లాగినప్పుడు దాని మీద పడే ఒత్తిడి, ఆ తర్వాత తిండి, నిద్ర. రక్తం చాలక ఆగిపోయిన కండ ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఉండదు. వ్యాయామం మొదలవగానే ఒళ్లే రక్తాన్ని అటు ఎన్నో రెట్లు మళ్లిస్తుంది.

ఇంకోటి, ప్రీ-వర్కౌట్ తాగాక చెవులు, ముఖం జివ్వుమంటే "ఎన్ఓ ఎక్కింది అన్నా" అంటారు. ఆ చిమచిమ అందులో కలిపే బీటా-అలనిన్ అనే అమైనో ఆమ్లానిది. ముఖం ఎర్రబడి వేడెక్కితే నియాసిన్, అంటే బి3 విటమిన్. గుండె దడదడలాడి, వెయిట్స్ తేలిగ్గా అనిపిస్తే కెఫీన్, అంటే బ్లాక్ కాఫీలో ఉన్నదే. వీటిలో ఏదీ నైట్రిక్ ఆక్సైడ్ కాదు.

హనుమకొండ స్టేడియంలో పొద్దున్నే కానిస్టేబుల్, ఎస్సై ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసే పిల్లలు కూడా మన షాపుకు వస్తారు. నైట్రిక్ ఆక్సైడ్ కథలో నిజంగా పనికొచ్చే భాగం మీకు సంబంధించిందే. అబ్బాయిల 1600 మీటర్లు, అమ్మాయిల 800 మీటర్లు లాంటి పరుగులకు బీట్‌రూట్ రసం కొంత సాయం చేస్తుంది. అందులోని నైట్రేట్‌ను నోట్లోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అందుకని తాగిన రోజు మౌత్‌వాష్ వాడకండి, ఆ బ్యాక్టీరియా చస్తే పని జరగదు. పరుగుకు రెండు మూడు గంటల ముందు తాగాలి. లాభం చిన్నదే, కానీ సెకన్ల మీద ఆధారపడే చోట చిన్నది కూడా లెక్కే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2018లో క్రీడాకారుల కోసం పనిచేస్తాయని ఒప్పుకున్న కొద్దిపాటి సప్లిమెంట్లలో నైట్రేట్ ఒకటి. ఆర్జినిన్ ఆ వరుసలో లేదు. ఈవెంట్ రోజే మొదటిసారి తాగొద్దు, కొందరికి కడుపు తిప్పుతుంది. మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడొద్దు, అది రంగే. బీట్‌రూట్ నా దగ్గర దొరకదు, కూరగాయల మార్కెట్‌లో కొనుక్కోండి. పాలకూర, తోటకూరలోనూ నైట్రేట్ బాగానే ఉంటుంది.

నాన్నకో మామయ్యకో "బలానికి" అని ఈ డబ్బాలు తీసుకెళ్లేవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతున్నాను. గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవాళ్లకు ఆర్జినిన్ ఇచ్చి చూసిన ఒక అమెరికా పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. ఆర్జినిన్ తీసుకున్న వాళ్లలో ఆరుగురు చనిపోయారు, ఉత్తుత్తి మందు తీసుకున్న వాళ్లలో ఒక్కరూ చనిపోలేదు. ఛాతీ నొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు, సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటివి వాడేవాళ్లు సిట్రులిన్ కూడా డాక్టర్‌ను అడగకుండా తీసుకోవద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇక మీదట ఎవరికని అడిగాకే ఇస్తాను, ఏమనుకోకండి.

డబ్బుల సంగతి కూడా దాచను. కండరాలకు చప్పున శక్తినిచ్చే క్రియేటిన్ డబ్బా మీద నాకు మిగిలేది తక్కువ, మెరిసే ప్రీ-వర్కౌట్ మీద చాలా ఎక్కువ. ఈ మార్పుతో నెలవారీ లాభం తగ్గుతుంది, షాపు కిరాయి తగ్గదు. అయినా బడ్జెట్ తక్కువున్న కాలేజీ పిల్లలు అడిగితే చెప్పేది ఇదే: ముందు తిండి. కిలో ఒంటి బరువుకు 1.6 గ్రాముల ప్రొటీన్, అంటే 60 కిలోల వాడికి రోజుకు 96 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 50 గ్రాముల మీల్ మేకర్‌లో 25 గ్రాముల దాకా వస్తుంది, లెక్క మీరే వేసుకోండి. ఆ తర్వాత డబ్బులు మిగిలితే ఏ రుచీ లేని మామూలు క్రియేటిన్ మోనోహైడ్రేట్, రోజుకు 3 నుంచి 5 గ్రాములు. ఇవి రెండూ కుదిరాక ఇంకా మిగిలితే అప్పుడు సిట్రులిన్ గురించి మాట్లాడుకుందాం.

నా దగ్గర కొన్న ఆర్జినిన్ డబ్బా సీలు తీయకుండా ఉంటే, ఈ నెలాఖరులోగా బిల్లుతో తీసుకురండి. బదులు క్రియేటిన్ గానీ సిట్రులిన్ గానీ తీసుకోండి, తేడా ఉంటే ఇచ్చేస్తాను. సీలు తీసినవి మార్చలేను. షాపులో మిగిలిన స్టాకును డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోనన్నాడు. "నాకు అదే పడుతుంది" అనేవాళ్లుంటే నేను కొన్న ధరకే ఇస్తాను, అయిపోయే వరకే. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరిచి ఉంటుంది.