నాలుగుకి నాలుగు గెలిచాం, అయినా నిద్ర పట్టట్లేదు మామా

ఒరేయ్ మామా,

ఈ రోజు నీకు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి రాయడం తప్పే, తెలుసు. ఏషియా కప్ ఫైనల్, పైగా పాకిస్తాన్ మీద, పైగా మన తిలక్ వర్మ 69 నాటౌట్. ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నరకి మొదలైంది. 20 పరుగులకి మూడు వికెట్లు పడ్డప్పుడు టీవీ కట్టేసి బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను, మళ్ళీ పెట్టేసరికి ఆ కుర్రాడు నిలబడి ఉన్నాడు. నువ్వింకా ఆ మత్తులోనే ఉంటావు. ఉండు. కానీ నిన్న నేను చూసొచ్చిన మ్యాచ్ గురించి ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే పొట్ట ఉబ్బిపోతుంది, నా రూమ్మేట్ ఆల్రెడీ చెవుల్లో దూది పెట్టుకున్నాడు, కాబట్టి నువ్వే దిక్కు.

మా టెక్సస్ ఏ అండ్ ఎం (నేను చదివిన యూనివర్సిటీ) ఈ 2025 సీజన్‌లో నాలుగు ఆడి నాలుగూ గెలిచింది. నిన్న ఆబర్న్ మీద 16-10. దేశం మొత్తం ర్యాంకుల్లో ఇప్పుడు ఆరో స్థానం. సీజన్ మొదలవకముందు 19. మరి పండగ చేసుకోవాలి కదా, నేనేమో రాత్రంతా పక్క మీద దొర్లుతూ ఉన్నాను. ఎందుకో చెప్తా, కాస్త వెనక్కి వెళ్ళాలి.

నేను 2022 ఆగస్టులో ఎంఎస్‌కి కాలేజ్ స్టేషన్‌లో దిగాను, గుర్తుందిగా, నువ్వే విమానం ఎక్కించావు. దిగిన నెల లోపే సీనియర్లు స్టేడియంకి లాక్కెళ్ళారు. కైల్ ఫీల్డ్‌లో 1,02,733 మంది పడతారు. మన తెనాలి ఊరి జనం చాలావరకు ఒక్కచోట మెరూన్ చొక్కాలేసుకుని కూర్చున్నట్టు. కూర్చున్నట్టు అన్నానా, తప్పు, విద్యార్థులు అసలు కూర్చోరు. 1922 జనవరిలో డల్లాస్‌లో ఒక మ్యాచ్‌లో మావాళ్ళకి వరసపెట్టి దెబ్బలు తగిలి ఆడేవాళ్ళు అయిపోతారేమో అనిపిస్తే, స్టాండ్స్‌లో ఉన్న ఈ. కింగ్ గిల్ అనే కుర్రాడు దిగొచ్చి డ్రెస్ వేసుకుని, పిలిస్తే ఆడతానని చివరిదాకా లైన్ పక్కన నిలబడ్డాడట. పిలుపు రాలేదు, మావాళ్ళు 22-14తో గెలిచారు. అప్పట్నుంచి స్టూడెంట్స్ అందరూ పన్నెండో మనిషే, మ్యాచ్ అయ్యేదాకా నిలబడే ఉంటారు. ఈ కాలేజీ వాళ్ళని ఆగీలు అంటారు, నాకు మాత్రం యాగీలు అనే వినబడుతుంది, పేరుకి తగ్గట్టే చేస్తాం కూడా.

సరే, నేను చూసిన ఆ మొదటి మ్యాచ్ ఏంటో తెలుసా? మాది అప్పుడు ఆరో ర్యాంకు. అవతల అపలాచియన్ స్టేట్, నార్త్ కరొలైనా కొండల్లోని కాలేజీ. ఈజీగా కొట్టేస్తాం అన్నారు సీనియర్లు. 17-14తో మమ్మల్నే ఉతికారేసి వెళ్ళారు. ఆ ఏడాది 5 గెలుపులు, 7 ఓటములు. మా కోచ్ జింబో ఫిషర్‌ని మరుసటి ఏడాది నవంబర్‌లో తీసేశారు, ఊరికే తీసేయలేదు, ఒప్పందం ప్రకారం దాదాపు 7 కోట్ల 60 లక్షల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. పని చేయొద్దు బాబూ అని చెప్పడానికి అంత డబ్బు! నేను టీఏ (టీచింగ్ అసిస్టెంట్) జీతంతో ఉల్లిపాయలు కూడా లెక్కపెట్టుకుని కొనుక్కునే రోజులవి.

నువ్వు ఆర్సీబీని పద్దెనిమిదేళ్ళు మోసి ఈ జూన్‌లో ఏడ్చావు చూడు, నా బాధ నీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. కాకపోతే మా లెక్క ఇంకా పెద్దది, మేం జాతీయ ఛాంపియన్లం అయ్యింది చివరిసారి 1939లో. మా కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసిన లీగ్) టైటిల్ గెలిచి కూడా 1998 నుంచి ఇన్నేళ్ళయింది, అదీ అప్పటి పాత కాన్ఫరెన్స్‌లో. ఇక్కడి పాత తరం వాళ్ళు ఓడిపోతే ఒక మాట అంటారు: ఆగీలు ఎప్పుడూ ఓడిపోరు, టైం అయిపోతుంది అంతే అని. మొదటిసారి విన్నప్పుడు ఎంత నవ్వానో. ఇప్పుడు నేనే అంటున్నాను.

అసలు భయం పోయినేడాదిది. మైక్ ఎల్కో కొత్త కోచ్‌గా వచ్చాడు, మొదటి మ్యాచ్‌లోనే మా సొంత గ్రౌండ్‌లో నోటర్ డేమ్ చేతిలో 23-13తో ఓడిపోయాం, పోనీలే అనుకున్నాం. తర్వాత వరసగా గెలుస్తూ ఏడు గెలుపులు, ఒక్క ఓటమి, అంటే 7-1కి వచ్చాం. నేను నీకు ఫోన్ చేసి ఈసారి మాదే అని ఎగిరాను, గుర్తుందా? ఆ తర్వాత సౌత్ కరొలైనా చేతిలో, ఆబర్న్ చేతిలో ఓడాం, చివర్లో మా ఇంటికొచ్చి మరీ టెక్సస్ లాంగ్‌హార్న్స్ 17-7తో కొట్టారు. సీజన్ ఆఖర్న ఆడే బౌల్ మ్యాచ్ కూడా పోయింది, 8-5తో సీజన్ ముగిసింది. ఆబర్న్‌తో అయితే నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి 43-41తో ఓడారు. అందుకే నాలుగుకి నాలుగు అని ఎవరైనా చేయి కలపడానికొస్తే నాకు వెన్నులో చలి పుడుతుంది.

ఇక ఈ ఏడాది. మొదటి రెండు మ్యాచ్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, యూటీఎస్ఏ (శాన్ ఆంటోనియో కాలేజీ) మీద 42-24, యూటా స్టేట్ మీద 44-22. గెలిచాం కానీ యూటీఎస్ఏ రన్నర్ ఒకడు మా డిఫెన్స్ మధ్యలోంచి 75 గజాలు పరిగెత్తి వెళ్ళిపోయాడు, ఒక్కడు, పెళ్ళి భోజనాల్లో వడ్డనవాడు వరసల మధ్య నడిచినట్టు. అప్పుడే అనుకున్నా, అయిపోయింది, మళ్ళీ అదే కథ అని.

సెప్టెంబర్ 13. నోటర్ డేమ్, వాళ్ళ ఊళ్ళో. వాళ్ళది ఎనిమిదో ర్యాంకు, మాది పదహారు. ర్యాంకున్న జట్టు మీద బయటి ఊళ్ళో మేం గెలిచింది చివరిసారి 2014లో. హ్యూస్టన్‌లో మా ఫ్లాట్‌లో ఆరుగురం చేరాం, పులిహోర చేశాను, అది ఎవ్వరూ తినలేదు. మొదట్లోనే మేం దూరంగా తన్నబోయిన బంతిని (పంట్ అంటారు) అడ్డుకుని, మా చివరి గీత అవతల పట్టుకుని టచ్‌డౌన్ కొట్టారు, ఆరు పాయింట్లు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఇంతలో హాల్లోంచి ఒకటే కేకలు, మారియో క్రేవర్ అని మిసిసిపీ స్టేట్ నుంచి ఈ ఏడే మా దగ్గరికి వచ్చిన చిన్నకుర్రాడు, బంతి పట్టుకుని 86 గజాల టచ్‌డౌన్. ఆ ఒక్క మ్యాచ్‌లో అతను ఏడు క్యాచులు, 207 గజాలు.

చివరి మూడు నిమిషాలు చెప్తా విను. ఇంకో 2:53 ఉందనగా నోటర్ డేమ్ టచ్‌డౌన్ కొట్టి 40-34. టచ్‌డౌన్ తర్వాత ఒక్క పాయింట్ కోసం కిక్ కొడతారు, నూటికి తొంభై పైనే పడుతుంది, ఎవరూ పట్టించుకోరు, ఆ టైంలో నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్తుంటా. దానికి ఒకడు వెనక్కి బంతి విసురుతాడు, ఇంకొకడు మోకాలి మీద కూర్చుని దాన్ని పట్టి నేల మీద నిలబెడతాడు, మూడోవాడు తంతాడు. ఆ మధ్యవాడి చేతుల్లోంచి బంతి జారిపోయింది. అంతే. ఏడు పాయింట్ల తేడా కావాల్సింది ఆరే అయ్యింది. అంటే మేం టచ్‌డౌన్ కొట్టి ఆ ఒక్క కిక్ పెట్టుకుంటే గెలుపే.

మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, మార్సెల్ రీడ్. వీడి మీద నాకు ప్రేమా, కోపమూ సమానం. ఆ రాత్రి 37 సార్లు విసిరితే అందింది 17, సగం కూడా కాదు, అయినా 360 గజాలు వచ్చాయి. పెట్టిన ప్రతిసారీ కూర కుదరదు వీడికి, కుదిరిందా వేళ్ళు నాకాల్సిందే. బంతి పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. సరే, 13 సెకన్లు మిగిలాయి, నాలుగో డౌన్, అంటే నాలుగో ప్రయత్నం, పదకొండు గజాల దూరం. ఇదే ఆఖరు. విసిరాడు, చివరి గీత అవతల ఎండ్ జోన్‌లో నేట్ బోర్‌కర్కర్ పట్టేశాడు. ఒట్టు మామా, ఆ క్షణం దాకా మా జట్టులో ఆ పేరుతో ఒకడున్నాడని నాకు తెలియదు. తర్వాత ర్యాండీ బాండ్ కిక్ కొట్టడానికొస్తే మేం ఆరుగురం ఒకరి చేయి ఒకరు పట్టుకుని కళ్ళు మూసుకున్నాం. 41-40.

సరిగ్గా అప్పుడే అమ్మ వాట్సాప్ కాల్. అక్కడ ఆదివారం పొద్దున. ఈ అరుపులు విని ఇంట్లో గొడవేమో అని కంగారుపడింది. గెలిచాం అమ్మా అంటే, ఎవరు కొట్టారు సెంచరీ అంది.

ఎల్కో 2017లో అదే నోటర్ డేమ్‌లో డిఫెన్స్ కోచ్. తను పనిచేసిన ఇంటికే వెళ్ళి గెలిచొచ్చాడు, ఇంకొకడైతే మైకు ముందు కాలరెగరేసేవాడు, ఇతను మాత్రం కరెంటు బిల్లు కట్టొచ్చినవాడిలా ఉన్నాడు.

తర్వాతి వారం మ్యాచ్ లేదు, నిన్న ఆబర్న్. పొద్దున్నే బయల్దేరాం, 290 హైవే మీద వాలర్ దగ్గర బక్కీస్ పెట్రోల్ బంకులో ఆగి బ్రిస్కెట్ శాండ్‌విచ్ (నేను తినను, రూమ్మేట్ కోసం), గంటన్నరలో కాలేజ్ స్టేషన్. రెండున్నరకి మ్యాచ్, మా సీట్లు తూర్పు వైపు పైన ఎక్కడో, ఎండ నెత్తి మీద, బెజవాడ మే నెల గుర్తొచ్చింది. ఇప్పుడు స్టూడెంట్‌ని కాదు కదా, కూర్చోవచ్చు, కానీ కాళ్ళు ఒప్పుకోవు. ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు, తెల్లబట్టలేసుకున్న అయిదుగురు కుర్రాళ్ళు చేతులతో సైగలు చేస్తారు, జనమంతా మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి ఒక్క గొంతుతో అరుస్తారు. టచ్‌డౌన్ కొడితే మనతో తోడుగా వచ్చిన అమ్మాయికి ముద్దు పెట్టాలని ఆచారం కూడా ఉంది. మూడేళ్ళుగా నా పక్కన ఉండేది రూమ్మేటే.

మ్యాచ్ ఏమన్నా అందంగా ఉందా అంటే లేదు. మొత్తానికి మాకు ఒక్క టచ్‌డౌన్, మూడు ఫీల్డ్ గోల్స్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నితే వచ్చే మూడేసి పాయింట్లు). మావాళ్ళ పెనాల్టీలు లెక్కపెట్టడం రెండో క్వార్టర్‌లోనే మానేశాను, లేవియాన్ మాస్ బంతి పట్టుకుని గుద్దుకుంటూ ముందుకి వెళ్తాడు, ఇంకెవడో పట్టుకోకూడని చోట పట్టుకుంటాడు, అంతా వెనక్కి. మన హాస్టల్ మెస్ కమిటీ లెక్కలు ఇలాగే ఉండేవి.

కానీ డిఫెన్స్, మామా, డిఫెన్స్! నీకు కబడ్డీ భాషలో చెప్తా. ప్రో కబడ్డీలో రెండు ఖాళీ రైడ్లు అయ్యాక డూ ఆర్ డై రైడ్ ఉంటుంది కదా, మూడోసారి పాయింట్ తేకపోతే ఔట్. ఇక్కడ మూడో డౌన్ దాదాపు అలాంటిదే, పది గజాలు పూర్తి చేయకపోతే చాలాసార్లు బంతి అవతలికి తన్నేసి పోవాల్సిందే. నిన్న ఆబర్న్‌కి అలాంటి డూ ఆర్ డైలు 13 వచ్చాయి. పదమూడూ మావాళ్ళు ఆపేశారు. పదమూడుకి సున్నా! మ్యాచ్ మొత్తంలో వాళ్ళకి వచ్చింది 177 గజాలు. కేషియస్ హావెల్ అని ఒకడున్నాడు, బౌలింగ్ గ్రీన్ అనే చిన్న కాలేజీ నుంచి వచ్చాడు, యూటా స్టేట్ మీద వరసగా మూడు ప్లేల్లో క్వార్టర్‌బ్యాక్‌ని పడేశాడు. నిన్న వాడి వైపు చూస్తుంటే, బంతి కదలకముందే అవతలి లైన్‌వాడు వాడి కాళ్ళకేసి చూసుకుంటున్నాడు.

నా ముందు వరసలో ఒక పెద్దాయన, డెబ్బై ఉంటాయి, పాత ఆగీ ఉంగరం, అరిగిపోయి అక్షరాలు కూడా కనబడవు. ఆబర్న్‌కి మూడో డౌన్ వచ్చిన ప్రతిసారీ ఆ ఉంగరాన్ని బొటనవేలితో తిప్పుతూ ఉన్నాడు, అరవడు, టవల్ ఊపడు, తిప్పడమే. ఎనిమిదోది, తొమ్మిదోది వచ్చేసరికి నేను మ్యాచ్ వదిలేసి ఆ వేలే చూస్తున్నాను. చివర్లో అందరం పక్కవాళ్ళ భుజాల మీద చేతులేసుకుని ఊగుతాం, కాళ్ళ కింద కాంక్రీటు నిజంగానే కదులుతుంది, ఆయన వెనక్కి తిరిగి, వచ్చే నెల ఫ్లోరిడా మ్యాచ్‌కి కూడా ఇక్కడే నిలబడు, మార్చకు అన్నాడు. నీ లాంటివాడే. నేను లేచానని వికెట్ పడిందని నన్ను రెండు గంటలు బాత్రూంకి వెళ్ళనివ్వలేదు నువ్వు.

నా మాట ఏంటంటే, పోయినేడు 7-1 అప్పుడు మావాళ్ళు చివరి అంగుళం దగ్గర చేతులెత్తేసేవాళ్ళు. ఈసారి ఆ చివరి అంగుళం దగ్గరే నిలబడుతున్నారు, నోటర్ డేమ్‌లో ఆఖరి సెకన్లలో కొట్టారు, నిన్న పదమూడుసార్లు ఆపారు. ఇది అదృష్టం కాదని నా అనుమానం. ఆ పెనాల్టీలు మాత్రం ఇలాగే ఉంటే అక్టోబర్ 25న ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్) ఊళ్ళో చావుదెబ్బ తింటాం, అక్కడ మేం 1994 తర్వాత గెలవనే లేదు. ఈ శనివారం మిసిసిపీ స్టేట్, క్రేవర్ పాత జట్టు, నాకెందుకో అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఈజీగా కొట్టేస్తాం అంటున్నారు అందరూ. 2022లో కూడా అలాగే అన్నారు.

గురువారం దసరా కదా, అమ్మ గుడికెళ్తే నా పేరుతో పాటు మా జట్టు పేరు కూడా అర్చన చేయించమని చెప్పాను, గోత్రం ఏం చెప్పాలిరా అని అడిగింది. నువ్వే ఏదో ఒకటి ఆలోచించి చెప్పు.

నోటర్ డేమ్ రోజు వేసుకున్న చొక్కానే నిన్నా వేసుకున్నాను, మధ్యలో ఉతకలేదు. రూమ్మేట్ వాసన భరించలేక బాల్కనీలో వేలాడదీశాడు. బయట మబ్బు పట్టింది, వాన పడితే దానంతట అదే ఉతుక్కుపోతుంది, ముందెళ్ళి దాన్ని లోపల పెట్టాలి. ఉంటా.

నీ
యాగీగాడు