ఎర్రమట్టి దిబ్బల కోసం విశాఖ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను 2014లో భూమి చరిత్రకు ఆనవాలైన జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. వేల ఏళ్లుగా సముద్రపు గాలి మోసుకొచ్చిన ఇసుక అది. రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పట్టి ఎర్రబడింది. రాయి కాదు కనుక వానధారకే కోసుకుపోయి లోతైన గెడ్డలు, అంటే వాగుల్లాంటి చాళ్లు, పడతాయి. ఇక జేసీబీ ముందు ఎంతసేపు ఆగుతుంది? ఒకసారి చదును చేస్తే మళ్లీ పోగెయ్యడం మన వల్ల కాదు.

తొట్లకొండ బౌద్ధ ఆరామం, భీమిలి డచ్చి సమాధులు కూడా ఈ తీరానివే. వాటికన్నా ఎంతో పాతవి ఈ దిబ్బలు.

సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి. వాన నీరు దిగే ఎగువ వాలునూ హద్దులో కలపండి. ఆ మ్యాపును తహసీల్దారు కార్యాలయంలో అందరికీ కనబడేలా పెట్టించండి. ఈ వానాకాలం లోపే.

ఇట్లు,
విశాఖ పౌరుడు