కాన్పు ఫైలు అటకెక్కించకండి

సంపాదకులు గారికి,

బెంగళూరు తెలుగు ఇళ్లలో నెలనెలా చెకప్‌లు మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో జరుగుతాయి, పురుడు మాత్రం పుట్టింట్లో. మూడో నెలో ఐదో నెలో తిరిగొచ్చేటప్పుడు బిడ్డ టీకాల కార్డు హ్యాండ్‌బ్యాగులో భద్రంగా వస్తుంది, తల్లి డిశ్చార్జి కాగితం మదనపల్లెలోనో అనంతపురంలోనో అటకెక్కుతుంది. అందులో 'బీపీ 150/100, యూరిన్‌లో ప్రోటీన్' అని ఉంటే, ఆ ఒక్క లైను ఆమెకు యాభై ఏళ్లప్పుడు కూడా కావాలి.

గుర్రపువాతానికి (గర్భిణికి వచ్చే ఫిట్స్‌కు) దారితీసే ఈ బీపీ గర్భం 20 వారాలు దాటాక 140/90కి చేరుతుంది. మాయకు (ప్లాసెంటాకు) రక్తం తెచ్చే నాళాలు తగినంత వెడల్పు కావు. అప్పుడు మాయ నుంచి వెలువడే పదార్థాలు తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. మాయ పడ్డాక బీపీ దిగినా ముప్పు దిగదు. తర్వాతి కాలంలో గుండెపోటు, పక్షవాతం ముప్పు దాదాపు రెండింతలు, హార్ట్ ఫెయిల్యూర్ ముప్పు దాదాపు నాలుగింతలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే దీన్ని గుండెజబ్బు ముప్పుల లెక్కలోకి తీసుకుంది. మన ప్రభుత్వ బీపీ, షుగరు స్క్రీనింగు 30 ఏళ్లు దాటినవారికి. ఆ ఫారంలో పొగాకు, మద్యం, నడుము కొలత, ఇంట్లోవాళ్ల జబ్బులకు మార్కులున్నాయి, కాన్పులో వచ్చిన బీపీకి లేవు. 24 ఏళ్లకు పురుడు పోసుకున్న అమ్మాయి అసలు ఆ వరుసలోకే రాదు.

'కాన్పయితే బీపీ అదే పోతుంది' అనేది సగం నిజం. కాన్పయ్యాక 3 నుంచి 6 రోజుల మధ్య అది మళ్లీ ఎక్కుతుంది, సరిగ్గా ఇంటికి పంపేసే రోజుల్లో. 72 గంటల్లోపు ఒకసారి, 7-10 రోజుల మధ్య ఇంకోసారి చూపించాలి. వీపు కుర్చీకి ఆనించి ఐదు నిమిషాలు కూర్చున్నాక, కాలు మీద కాలు వేసుకోకుండా, చేయి గుండె ఎత్తున పెట్టి చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. తీవ్రమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు వస్తే రాత్రయినా ఆగకూడదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడాన్ని బాలింత నీరసం అనుకోవద్దు. పాలు ఇంకిపోతాయని మాత్రలు మానేవాళ్లున్నారు. నిఫెడిపిన్, లాబెటలాల్, ఎనలాప్రిల్ పాలిచ్చే తల్లులకూ రాసేవే. 12 వారాలు దాటినా 140/90 దిగకపోతే ఇక అది మామూలు బీపీ జబ్బే.

గర్భంలో షుగరు వచ్చినవారి పరీక్ష మరీ నిర్లక్ష్యమవుతోంది. వీరికి తర్వాత షుగరు జబ్బు వచ్చే అవకాశం మిగతా తల్లులకంటే పది రెట్ల దాకా ఎక్కువ, అది గుండె మీదికే వస్తుంది. బిడ్డకు ఆరు వారాల పెంటావాలెంట్ టీకా వేయించే వారంలోనే తల్లి పరీక్ష కూడా పెట్టుకోవచ్చు. రాత్రి భోంచేసి, పొద్దున పరగడుపున ముందు రక్తం ఇవ్వాలి. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగాలి. రెండు గంటలు ఏమీ తినకుండా అక్కడే కూర్చుని మళ్లీ రక్తం ఇవ్వాలి. ఈలోగా బిడ్డకు పాలివ్వొచ్చు. అరగంటలోపు వాంతయితే ఇంకో రోజు చేయించుకోవాల్సిందే. పరగడుపున 126, లేదా రెండు గంటలకు 200 చేరితే షుగరు జబ్బు, 140-199 అయితే హెచ్చరిక. కొన్ని ల్యాబులు తేలికని హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) చేసి పంపేస్తాయి. కాన్పులో రక్తం పోయాక ఆ అంకె తక్కువ చూపిస్తుంది, నమ్మొద్దు. ఫలితం మామూలుగా ఉన్నా షుగరు, బీపీ ఏటా చూపించుకోవాలి.

ఆసుపత్రులకు మా విన్నపం: తల్లికి వచ్చిన బీపీ, షుగరు, ఎన్నో వారంలో కాన్పయిందో బిడ్డ టీకాల కార్డు అట్ట మీదే రాసివ్వండి. ఆ కార్డును ఎవరూ పారేయరు. ఈసీజీలు, రసీదులు వచ్చే నున్నటి కాగితం నాలుగైదేళ్లలో వెలిసిపోతుంది, ఇంటికి రాగానే ఫోన్లో ఫొటో తీసుకోండి. మళ్లీ గర్భం వస్తే మొదటి విజిట్‌లోనే అది చూపించండి. ఈ బీపీ ముప్పు తగ్గించే తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా అన్నది డాక్టరు 16 వారాల లోపే తేల్చాలి.

— తెలుగు స్టాఫ్ నర్సులు కొందరు, మహదేవపుర, బెంగళూరు