స్టాండులో పెడితే నిద్రపోయే సోల్డరింగ్ ఐరన్

పర్లాకిమిడి, ఆగస్టు నెల ఉత్తరం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి సమావేశం నాడు సైన్సు గదిలోకి వచ్చినవారు కిటికీ పక్క బల్ల మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చను చూసి, "ఇది ఏ పిల్లవాడి ఘనకార్యం?" అని అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ ఘనకార్యం నాదే. ప్రార్థనకు వాడే మైకు తీగ ఊడిపోతే అతుకుదామని కూర్చున్నాను. మధ్యలో ఫోను మోగింది. తీగలు అతికే వేడి సోల్డరింగ్ ఐరన్‌ను బల్ల మీదే వదిలి లేచాను. కాలిన కర్ర వాసన వరండాలోకి వచ్చేదాకా గుర్తే రాలేదు.

"పెద్దవాళ్లే మరచిపోయే వస్తువును పిల్లల చేతికి ఎందుకిస్తున్నారమ్మా?" అని ఒక నాయనమ్మగారు ఆ రోజు సూటిగా అడిగారు. మచ్చ నాదని ఆమెకు ఎవరో చెప్పే ఉంటారు! ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆమెకు జవాబు.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించి, చిల్లు పడిన బిందెకు మాటు పెట్టించిన తరానికి ఈ పని కొత్తది కాదు. తగరం, సీసం కలిపిన తీగను కరిగించి రెండు లోహాలను అతకడమే. అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం ఉన్న తీగ 190 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది. పని చురుగ్గా సాగాలి కనుక ఐరన్ మొనను 320 నుంచి 350 డిగ్రీల దాకా వేడి చేస్తాం. ఆ వేడిలో ఊరకే వదిలేస్తే బల్ల సంగతి అటుంచి, ముందు మొనే పాడవుతుంది. దాని మీది తగరపు పూత గాలి తగిలి నల్లబడుతుంది. ఆ తరువాత కరిగిన తగరం దాన్ని అంటుకోదు, తామరాకు మీది నీటిబొట్టులా జారిపోతుంది.

మా దగ్గరున్నవి పైన్‌సిల్ అనే కలం లాంటి ఐరన్లు. కదలికను పసిగట్టే చిప్పు వాటిలో ముందే ఉంది. కాసేపు కదలకపోతే వేడి తగ్గించుకుంటాయి. వినడానికి బాగానే ఉంది కానీ, ఆ చిప్పు చేసినవారు మా బల్లలను చూడలేదు. ఒక చివర ఎవరైనా రంపం ఆడిస్తే రెండో చివర ఐరన్ ఉలిక్కిపడి మేలుకుంటుంది. ఆ ఊపుకు లేవకుండా సెట్టింగును మొద్దుబరిస్తే ఇంకో చిక్కు. తొమ్మిదో తరగతిలో కొమ్ముపని చేసే ఇంటి నుంచి వచ్చే అమ్మాయి ఉంది. కొమ్ముతో కొంగ మెడ చెక్కే ఇంటి పిల్ల కదా, చేయి అసలు వణకదు. అంత నిలకడగా పట్టుకునేసరికి పని మధ్యలోనే ఐరన్ నిద్రపోయేది. బాగా చేసేవారికి శిక్ష అన్నమాట.

ఆ అమ్మాయే అడిగింది: "కదులుతోందా అని కాకుండా, స్టాండులో ఉందా అని కనిపెట్టలేదా, టీచర్?" కనిపెట్టగలదు. స్టాండులో చిన్న అయస్కాంతం పెట్టి, ఐరన్ పిడిలో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ అతికితే చాలు. అయస్కాంతం దగ్గరైతే సెన్సర్ చెబుతుంది, ఐరన్ 150 డిగ్రీలకు దిగి కునుకు తీస్తుంది. చేతిలోకి తీసుకుంటే కొన్ని క్షణాల్లో మళ్లీ వేడెక్కుతుంది. ఈ ఐరన్ మొదటి రకం బోర్డు మీద ఆ సెన్సర్ కోసం ఒక చోటు ఖాళీగా వదిలి ఉంది. దాన్ని నడిపే ఐరన్‌ఓఎస్ ప్రోగ్రాములో సెట్టింగు కూడా ఉంది.

సెన్సర్ మూడు మిల్లీమీటర్ల పొడవు, ఐదు కాళ్లు. దాన్ని అతకాలంటే ఐరన్‌ను విప్పాలి, విప్పిన ఐరన్ తనను తాను అతుక్కోలేదు! బజారులో రేడియోలు బాగుచేసే మన పూర్వ విద్యార్థి తన పాత ఇరవై అయిదు వాట్ల ఐరన్ ఇచ్చాడు. భూతద్దం కింద ఐదు కాళ్లూ అతికింది ఆ కొమ్ముపని వారి అమ్మాయే. మా సైన్సు మాస్టారు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

మొదట అయస్కాంతాన్ని స్టాండు నోటి దగ్గర, మొన పక్కనే అంటించారు. రెండు రోజులకే జిగురు కరిగి ఊడింది. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది కూడా. ఇప్పుడు దాన్ని వెనక్కి, పిడి ఆనే చోటికి మార్చారు. అక్కడ దూరం లెక్క ముఖ్యం. అయస్కాంతానికి కొంచెం ఎడంగా ఉన్నచోట, దూరం రెట్టింపైనప్పుడు చిన్న అయస్కాంతం ప్రభావం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. స్కేలు పట్టుకుని ఒక్కో మిల్లీమీటరు జరుపుతూ ఒక మధ్యాహ్నమంతా గడిపారు. పదో తరగతి పాఠం పుస్తకంలో కన్నా అక్కడే ఎక్కువ వంటబట్టింది.

ఒకటి దాచకూడదు. నేను చేసినట్టు ఐరన్‌ను స్టాండులో కాక బల్ల మీద పడేస్తే అయస్కాంతం కాపాడలేదు. అందుకే కదలిక చిప్పును పూర్తిగా ఆపలేదు, ఎక్కువ గడువు పెట్టి కాపలాగా ఉంచాం. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే గది తాళం వేయాలన్న నియమం మారలేదు. ఇప్పుడు ఆ తాళం నా దగ్గర లేదు, పిల్లలే తీసేసుకున్నారు.

ఈ సెన్సర్‌కు ఆధారమైన హాల్ ప్రభావాన్ని ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్నాడు, అప్పటికి ఆయన ఇంకా విద్యార్థే. మరుసటి ఏడు, 1880లో, గిడుగు రామమూర్తి గారు మన ఊరి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం ఉదయం పది గంటలకు. ఆ రోజే ఈ ఐరన్లను పిల్లలు తెలుగులో, ఒడియాలో, సవరలో వివరిస్తారు. పాతపట్నం వైపు నుంచి వచ్చేవారు బస్సు వేళ చూసుకోండి. నాయనమ్మగారికి ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను.

పరీక్షల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. సోల్డరింగ్ తరగతికి పిల్లలను నూలు బట్టల్లో, జడ బిగించి పంపండి. తీగలో సీసం ఉంది కనుక భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగిస్తున్నాం, ఇంటికి వచ్చాక మీరూ ఒకసారి కడిగించండి. పాడైన స్పీకర్లు ఉంటే పారేయకుండా పంపండి, అయస్కాంతాలు కావాలి. కింది అనుమతి చీటీ మీద సంతకం చేసి సోమవారం లోపల ఇవ్వండి. ఇష్టం లేనివారు "వద్దు" అని రాసినా చాలు, ఆ పిల్లలకు వేరే పని ఇస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు